దుకాణం బోర్డుకూ, వ్యాను మీది ప్రకటనకూ అనుమతి కావాలా?

ప్రశ్న:
టైలరింగ్ దుకాణం తెరుస్తున్నాను. తలుపు పైన లోపల దీపాలుండే బోర్డు పెట్టాలని ఉంది. వ్యానుకు రెండు పక్కలా పేరు, ఫోను నంబరు వేయించాను. బోర్డు చేసే ఆయన "ముందు బిగించేద్దాం, తర్వాత చూసుకుందాం" అంటున్నారు. ఆ మాట మింగుడుపడటం లేదు. వ్యానుకూ అనుమతి కావాలా?

జవాబు 1:
మింగుడుపడకపోవడమే మంచిది. జరిమానా నోటీసు వచ్చేది మీ పేరు మీద, ఆయన పేరు మీద కాదు. అధికారులు సాధారణంగా చూసేది బోర్డు వైశాల్యం, నేల నుంచి ఎత్తు, కాలిబాట మీదికి ఎంత ముందుకు వస్తోందన్నది. లోపల దీపాలుంటే చాలా నగరాల్లో విద్యుత్ అనుమతి విడిగా తీసుకోవాలి. అనుమతి దరఖాస్తుకు కొలతలతో గీసిన బొమ్మ, భవన యజమాని అంగీకార పత్రం జతచేయండి. కొలతల్లో అక్షరాలే కాదు, చట్రం కూడా లెక్కలోకి రావచ్చు. కొన్నిచోట్ల పరిమితి మరీ బిగువు: బ్రెజిల్‌లోని సావో పాలో నగరం 2007లో హోర్డింగులను నిషేధించడమే కాక, 10 మీటర్ల లోపు ముఖభాగం ఉన్న దుకాణానికి 1.5 చదరపు మీటర్ల బోర్డుతో సరిపెట్టింది.

జవాబు 2:
వ్యాను సంగతి నేను చెబుతాను. రోజూ పనికి తిరిగే బండి మీద సొంత దుకాణం పేరుంటే చాలాచోట్ల అభ్యంతరం ఉండదు. కదలకుండా కూడలిలో నిలిపి ఉంచితే మాత్రం అదీ బోర్డు కిందే లెక్క. డబ్బు తీసుకుని ఇతరుల ప్రకటన వేస్తే నిబంధనలు వేరు. నంబరు ప్లేటునూ దీపాలనూ స్టిక్కర్లతో కప్పకండి.

ప్రశ్న అడిగినవారు:
రాత్రి దుకాణం ముందే నిలుపుతాను. పరవాలేదా?

జవాబు 2:
అక్కడ పార్కింగుకు అనుమతి ఉంటే పరవాలేదు. సెలవు రోజుల్లో కూడా పేరు రోడ్డుకు కనిపించేలా అక్కడే వదిలేస్తే ఫిర్యాదు రావచ్చు.