టీవీకి వెళ్ళాక ఫ్రాంక్ గ్రూబర్ తగ్గిపోయాడా?

పాత నవలల అభిమాని:
‘పీస్ మార్షల్’ లాంటి కౌబాయ్ నవలలు రాసిన ఫ్రాంక్ గ్రూబర్ 1950ల చివర్లో అమెరికన్ టీవీకి వెళ్ళాడు. ‘టేల్స్ ఆఫ్ వెల్స్ ఫార్గో’, ‘ది టెక్సన్’, ‘షాట్‌గన్ స్లేడ్’ సీరియళ్ళు పుట్టడంలో ఆయన చెయ్యి ఉంది. నా మటుకు అది సాహిత్యానికి నష్టమే. వెస్టర్న్ కథలన్నీ, అంటే ఈ కౌబాయ్ కథలన్నీ, ఏడు రకాలేనని ఆయనే తేల్చేశాడు: రైలుమార్గం, పశువుల రాంచ్, పగ, బందిపోటు, మార్షల్, ఇలా. కథని అచ్చులో పోసేవాడికి టీవీ తప్ప ఇంకేం మిగులుతుంది?

పల్ప్ పాఠకురాలు:
అభిమాని గారూ, ఆ మనిషి ఎక్కడి నుంచి వచ్చాడో చూడండి. 1934లో న్యూయార్క్ చేరినప్పుడు చేతిలో డబ్బుల్లేవు. ఆటోమాట్ అనే హోటల్లో గిన్నెడు వేడినీళ్ళలో కెచప్ కలుపుకుని, బిస్కెట్లు నలిపి వేసుకుని, అదే టమాటా సూప్ అనుకుని తాగేవాడు. 1967లో వచ్చిన తన జ్ఞాపకాల పుస్తకం ‘ది పల్ప్ జంగిల్’లో ఇదంతా రాసుకున్నాడు. పల్ప్ పత్రికలు, అంటే నాసిరకం కాగితం మీద అచ్చయ్యే చవక కథల పత్రికలు, మాటకింత అని లెక్కగట్టి డబ్బులిచ్చేవి. కథ త్వరగా అందాలి, మొదటి పేజీలోనే పట్టుకోవాలి. ఆ ఏడు రకాలూ అలా బతికిన మనిషికి పనిముట్లు. వడ్రంగి పెట్టెలో ఏడే ఉలులున్నాయని అతన్ని తక్కువ చేస్తామా?

1950ల మొదట్లో ఆ పత్రికలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. వాటిని చదివినవాళ్ళే సాయంత్రం టీవీ ముందు కూర్చున్నారు. గ్రూబర్ తన పాఠకుల వెంటే వెళ్ళాడు. నవలలూ మానలేదు, 1964లో కూడా ఆయన డిటెక్టివ్ జానీ ఫ్లెచర్ నవల ఒకటి వచ్చింది.

పాత నవలల అభిమాని:
ఆకలి సంగతి చదివితే మనసు కలుక్కుమంది, ఒప్పుకుంటాను. కానీ నవలలో పగ పట్టినవాడు రెండొందల పేజీలు ఆ పగతో బతుకుతాడు. అరగంట ఎపిసోడ్‌లో, అందులోనూ ప్రకటనలు పోగా, వాడికి ఆలోచించే టైమ్ ఎక్కడిది?

పల్ప్ పాఠకురాలు:
ఆ టైమ్ చిన్న కథలోనూ ఉండదండీ. ‘వెల్స్ ఫార్గో’లో నటుడు డేల్ రాబర్ట్‌సన్ వేసిన హీరో జిమ్ హార్డీ ఎడమచేత్తో తుపాకీ తీస్తాడు, తక్కువ మాట్లాడతాడు. మనిషి ఎలాంటివాడో రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. 1961లో ఎపిసోడ్‌ని గంటకి పెంచారు, రంగులు తెచ్చారు, హీరోకి శాన్ ఫ్రాన్సిస్కో దగ్గర రాంచ్ కూడా ఇచ్చారు. ఆ రూపంలో నడిచింది ఒక్క సీజనే. అరగంట రూపం మాత్రం 1957 నుంచి ఐదు సీజన్లు నిలబడింది.