వెద చేలో ఊద: మందు కొట్టాలా, మనుషుల్ని పెట్టాలా?

కొల్లిపర కుర్రాడు:
కాలవ నీళ్లు ఆలస్యమయ్యాయని ఈసారి నారు పోయకుండా వెదజల్లాం. ఇప్పుడు 18 రోజుల పైరు, ఏది వరో ఏది ఊద కలుపో తెలీట్లేదు. బిస్పైరిబాక్ అనే కలుపు మందు కొట్టమని షాపాయన, కూలీలను పెట్టమని నాన్న. ఇంట్లో రోజూ ఇదే గొడవ. మీరేమంటారు?

తెనాలి బాబాయ్:
మనుషులెక్కడ దొరుకుతున్నారు అబ్బాయ్, అందరి చేలకీ ఒకేసారి కలుపొస్తుంది, ముఠా మేస్త్రి ఫోనే ఎత్తడు. వెద చేలో వరసలుండవు కాబట్టి దిగినవాళ్లు సగం పైరు తొక్కేస్తారు కూడా. ఎకరాకు 100 మిల్లీలీటర్లు కొట్టేసి హాయిగా ఉండు.

దుగ్గిరాల రైతు:
హాయిగా ఎలా ఉంటాడు బాబాయ్, అసలు సంగతి చెప్పకుండా? నీళ్లు నిలబెట్టి కొడితే డబ్బులు నీళ్లపాలే. మందు ఆకు మీద పడాలి. మడి ఆరగట్టి, కలుపు మూడు నాలుగు ఆకుల మీద ఉండగా కొట్టి, రెండు రోజులాగి నీళ్లు పెట్టాలి. ఊద పిలకలేసిందా, పసుపెక్కినట్టే ఎక్కి మళ్లీ లేస్తుంది.
తమ్ముడూ, ఆకు కాడని అంటుకునే చోట గోటితో విప్పి చూడు. వరికి తెల్లటి పల్చటి పొర కనిపిస్తుంది, ఊదకి అక్కడేమీ ఉండదు.

పొన్నూరు అక్క:
మందు వద్దనను, మందొక్కటే చాలంటే ఒప్పుకోను. ఏటా అదే కొడితే తట్టుకున్న ఊదే గింజ రాలుస్తుంది. మార్చానని పైరజోసల్ఫ్యూరాన్ కొడతారు, అదీ పనిచేసే తీరు బిస్పైరిబాక్‌దే, ఇక మార్చిందేముంది? రాలిన గింజ వరి తర్వాత చల్లే మినుములోనూ మొలుస్తుంది. అప్పుడెవర్ని తిట్టుకుంటాం?

తెనాలి బాబాయ్:
అయితే రోజంతా వంగి పీకమంటావా అమ్మాయ్?

పొన్నూరు అక్క:
మొత్తం చేను కాదు బాబాయ్. మందుకి చావని దుబ్బుల్ని కంకి ఈనకముందే పీకించాలి. దానికి ముఠా అక్కర్లేదు, ఇంట్లోవాళ్లు చాలు.

దుగ్గిరాల రైతు:
ఈ మాట బాగుంది. వచ్చే ఏడు మాత్రం విత్తిన 3–5 రోజుల్లోనే సేఫ్‌నర్ (వరి మొలకని కాపాడేది) కలిసిన ప్రెటిలాక్లోర్ కలుపు మందు పడాలి. నాటుకి వాడే మామూలుది తెచ్చావో, మొలకే దెబ్బతింటుంది. విత్తనం వేసే డ్రమ్ సీడర్‌తో లాగితే వరసలొస్తాయి, మధ్యలో కలుపు తీసే వీడర్ తిప్పుకోవచ్చు.

కొల్లిపర కుర్రాడు:
విప్పి చూశానన్నా. గట్టు వారనంతా ఊదే, మధ్యలో తక్కువ. ఊద నాలుగో ఆకు వేస్తోంది. రేపు నీళ్లు తీసేస్తా. నాన్నకి అక్క చెప్పింది చదివి వినిపించాను, మిగిలిన దుబ్బులు తనే పీకుతానన్నాడు, మందు ఖర్చు మాత్రం నాదేనంట.