చౌక లేబుళ్ల పాత రికార్డులు: వేగం తేడాకు బాధ్యులెవరు?

గాడి_వినికిడి:
తక్కువ ధరకు అమ్మిన పాత 78 చుట్ల (నిమిషానికి 78 సార్లు తిరిగే) రికార్డుల్లో ఏ రెండూ ఒకే శ్రుతిలో మోగవు. ఒకదాంట్లో గాయకుడి గొంతు సన్నబడుతుంది, మరొకదాంట్లో బరువెక్కుతుంది. నాణ్యత చూడకుండా జనానికి అంటగట్టారన్నదే నా వాదన. కాదనేవారు కారణం చెప్పండి.

లక్కపళ్లెం:
కాదనే అంటాను. చాలా చౌక లేబుళ్లు, అంటే తక్కువ ధర రికార్డుల కంపెనీలు, పాటలను సొంతంగా రికార్డు చేయలేదు, పెద్ద సంస్థల మాస్టర్లనే (పాట మొదట కోసిన మూల పళ్లేలనే) తీసుకుని అచ్చువేశాయి. వేగం గాడి కోసేటప్పుడే స్థిరపడుతుంది, అచ్చులో మారదు. విద్యుత్ రికార్డింగ్ 1925లో వచ్చేదాకా 78 అన్నది అందరూ పాటించిన అంకె కానే కాదు. బ్రిటన్‌లో కొలంబియా కంపెనీ తన రికార్డుల నడిమి కాగితం మీద వేగం 80 అని ముద్రించింది. 74తో కోసినదాన్ని 78తో తిప్పితే పాట దాదాపు ఒక అర్ధస్వరం పైకి జరుగుతుంది. అందులో చౌక లేబుల్ తప్పేముంది?

గాడి_వినికిడి:
మరి ఒకే పాటలో సాగదీసిన స్వరం ఊగడం? అది కూడా మాస్టర్ నుంచే వచ్చిందంటారా?

ముల్లుమొన:
ఇక్కడ రెండు వేర్వేరు జబ్బులను కలిపేస్తున్నారు. పాటంతా ఒకే మేరకు శ్రుతి తప్పితే అది కోత గదిలో జరిగింది, లక్కపళ్లెం గారు చెప్పింది నిజం. స్వరం ఊగితే మాత్రం ముందు నడిమి రంధ్రాన్ని అనుమానించాలి. రికార్డు తిరుగుతుండగా ముల్లు చేయిని, అంటే ముల్లును మోసే కడ్డీని, చూడండి. చుట్టుకోసారి పక్కలకు ఊగుతుంటే రంధ్రం కేంద్రంలో లేనట్టే. తప్పింది 1 మిల్లీమీటరే అయినా, గాడి వ్యాసార్ధం 50 మిల్లీమీటర్లున్న చోట వేగం 2 శాతం పెరుగుతూ, 2 శాతం తగ్గుతూ ఉంటుంది. అంచు దగ్గర 120 మిల్లీమీటర్ల వద్ద ఆ తేడా 1 శాతం లోపే. అందుకే పాట చివరికొచ్చేసరికి చెవికి ఎక్కువ బాధ. దీనికి కాలాన్ని సాకుగా చూపడం నాకు మింగుడుపడదు. రంధ్రం సరిగ్గా పడిందో లేదో చూడటానికి ఆనాటి పనివాళ్లకు కళ్లు చాలు. చూడనివ్వని తొందర యజమానిది. కొన్నవాడు పేదవాడైతే అతని చెవి కూడా పేదదేనా?

లక్కపళ్లెం:
రంధ్రం విషయం ఒప్పుకుంటాను. అయితే ఖరీదైన లేబుళ్లలోనూ అలాంటివి చూశాను.

ముల్లుమొన:
ఉంటాయి, అక్కడా తప్పు తప్పే. రంధ్రాన్ని పెద్దది చేసి సరిచేయమని కొందరు అంటారు. అరుదైన రికార్డుకు నేను ఆ పని చేయను. టర్న్‌టేబుల్ నడిమి కడ్డీ తీసేయగలిగినదైతే, చేయి ఊగడం ఆగేదాకా రికార్డును చేత్తో జరిపి పెట్టుకోవచ్చు. ఇక వేగం సరిచూసే గీతల పళ్లెం (వేగం సరిగ్గా ఉంటే దీపం వెలుగులో గీతలు కదలనట్టు కనిపిస్తాయి) 50 హెర్ట్జ్ కరెంటు దీపం కింద 77 గీతలది కావాలి, 60 హెర్ట్జ్ అయితే 92 గీతలది. మీ యంత్రం 78 దగ్గర నిలకడగా తిరుగుతోందని తేలాకే లేబుల్‌ను నిందించండి.

గాడి_వినికిడి:
చేయి ఊగుతోంది. వేగం గీతలతో చూసి మళ్లీ రాస్తాను.