జునీన్యో ఫ్రీకిక్: కాలు ఎక్కడ తగలాలి, బంతి ఎందుకు తడబడుతుంది?

మిడ్‌ఫీల్డ్_8:
బ్రెజిల్ ఆటగాడు జునీన్యో పెర్నాంబుకానో ఫ్రెంచ్ క్లబ్ లియాన్‌కి కొట్టిన 100 గోల్స్‌లో 44 ఫ్రీకిక్‌లే అంటారు. వీడియోలు స్లో చేసి చూస్తే కొన్నిట్లో బంతి అసలు తిరగదు, కొన్నిట్లో గిర్రున తిరుగుతుంది. మరి ఆ 44 ఒకే రకం కిక్కా? తిరగని కిక్ 25 మీటర్ల నుంచి ప్రాక్టీస్ చేస్తుంటే బంతి గోల్ పై బార్ మీదుగా పోతోంది, లేదంటే వంపు తిరిగి నేరుగా గోలీ చేతుల్లో పడుతోంది. తప్పు ఎక్కడ? ఇంకోటి, 2002 వరల్డ్ కప్ గెలిచిన జట్టులో ఉన్నది ఈయనేనా?

గెర్లాండ్_గ్యాలరీ:
చివరిది ముందు తేల్చేద్దాం. కాదు. 2002 జట్టులో ఉన్నది జునీన్యో పౌలిస్తా. జునీన్యో అంటే చిన్న జూనియర్, బ్రెజిల్‌లో వీధికొకడు ఉంటాడు. అందుకే ఊరిపేరు తగిలిస్తారు. మనవాడు పెర్నాంబుకో రాష్ట్రం వాడు, 1975లో రెసీఫీలో పుట్టాడు. బ్రెజిల్ క్లబ్ వాస్కో డ గామాలో ఇద్దరూ కలిసి కూడా ఆడారు, కాబట్టి ఈ గందరగోళం మీ ఒక్కరిదే కాదు.

స్పోర్ట్ రెసీఫీ క్లబ్‌లో మొదలై 1995లో వాస్కోకి వచ్చాడు. 1998లో దక్షిణ అమెరికా క్లబ్‌ల కప్పు లిబెర్తదోరెస్ సెమీస్‌లో, అర్జెంటీనా క్లబ్ రివర్ ప్లేట్ సొంత మైదానం మోనుమెంటల్‌లో ఆట చివర్లో దూరం నుంచి కొట్టిన ఫ్రీకిక్‌తో వాస్కో ఫైనల్‌కి వెళ్లింది, కప్పు కూడా కొట్టింది. క్లబ్‌కి వందేళ్లు నిండిన ఏడాది అది. ఆ గోల్ మీద వాస్కో అభిమానులు ఇప్పటికీ పాట పాడతారు. 2001లో లియాన్‌కి వెళ్లేనాటికి ఆ క్లబ్ ఫ్రెంచ్ లీగ్ ఒక్కసారీ గెలవలేదు. 2002 నుంచి 2008 దాకా వరసగా ఏడుసార్లు గెలిచింది, ఏడింటిలోనూ ఆయన ఉన్నాడు.

డెడ్‌బాల్_దాసు:
తిరగని కిక్ సంగతి నేను చెప్తా.

బంతి తిరుగుతుంటే గాలి దాన్ని ఒకే పక్కకి నెడుతూ ఉంటుంది. వంపు ముందే తెలుస్తుంది, గోలీ అంచనా వేస్తాడు. తిరగకపోతే వెనక గాలి విడిపోయే చోటు బంతి మీది అతుకుల్ని (సీమ్‌లని) బట్టి మారుతుంటుంది, నెట్టే దిక్కూ మారిపోతుంది. పైగా వేగం ఒక హద్దు కిందికి పడగానే గాలి పట్టు ఒక్కసారిగా పెరుగుతుంది, చివర్లో బంతి ధబ్బున దిగేది అందుకే. గంటకి 100 కి.మీ. వేగంతో కొడితే 25 మీటర్లకి దాదాపు సెకను పడుతుంది. ఆ సెకనులో బంతి ఒక చుట్టుకి మించి తిరగకూడదు.

కాలు సంగతి. షూ లేసులతో కొట్టకండి, వేళ్ల కొసతో అసలే వద్దు. బొటనవేలి మొదలుకి కొంచెం వెనక, పాదం లోపలి వైపు గట్టి ఎముక ఉంటుంది, అది తగలాలి. ఇటలీ మిడ్‌ఫీల్డర్ పిర్లో మాత్రం జునీన్యోని చూసి చూసి, మూడు వేళ్లతో కింద నుంచి కొడతాడని తేల్చుకున్నానన్నాడు. ఎవరి పాదం వారిది. నాలుగైదు అడుగుల పరుగు చాలు. ఆనే కాలు బంతి పక్కనే, జానెడు దూరంలో. చీలమండ బిగించి, బంతి నడిమధ్యకి ఒక్క వేలు కింద గుద్ది, కాలు అక్కడే ఆపాలి. మీ వంపు వచ్చేది ఇక్కడే: కొట్టాక కాలు అడ్డంగా ఊపేస్తున్నారు, బంతి చుట్టు తిరుగుతోంది. బార్ మీదుగా పోవడానికి కారణం నడుము వెనక్కి వాలడం. ఛాతీ బంతి మీదికి ఉండాలి.

ముందు 15 మీటర్ల నుంచి, వాల్ (అడ్డంగా నిలబడే ప్రత్యర్థుల వరస) లేకుండా కొట్టండి. వాల్వ్ మీ వైపు కనబడేలా పెట్టి, ఎగిరాక అది తిరుగుతోందో లేదో చూడండి. వాల్వ్ ఎటు పెడితే మంత్రం పనిచేస్తుందన్న చర్చ చాదస్తం, అది మీ కంటికి గుర్తు మాత్రమే. పదిలో ఆరు తిరగకుండా పోయాకే వెనక్కి జరగండి. అప్పుడు వాల్ నిలబడే దూరం, 9.15 మీటర్ల దగ్గర రెండు కర్రల మధ్య 2.3 మీటర్ల ఎత్తులో తాడు కట్టండి. రోజుకి 25 కిక్‌లు దాటొద్దు, తొడ లోపలి కండరం పట్టేస్తుంది.

మిడ్‌ఫీల్డ్_8:
థాంక్స్ అన్నా. బంతిలో గాలి ఎంతుండాలి? గ్రౌండ్‌లో వాడేది రాయిలా ఉంటోంది.

డెడ్‌బాల్_దాసు:
రూల్ ప్రకారం 0.6 నుంచి 1.1 అట్మాస్ఫియర్లు, బరువు 410–450 గ్రాములు. బొటనవేలితో గట్టిగా నొక్కితే కొద్దిగా లోపలికి పోవాలి. రాయిలా ఉంటే పాదం మీద నిలవకుండానే జారిపోతుంది, తడిస్తే ఇంకా ఘోరం.

లెఫ్ట్‌బ్యాక్_3:
దాసు గారూ, మీరు చెప్పింది ఒక రకమే. మొదటి ప్రశ్నకి జవాబు ఇంకా బాకీ ఉంది: ఆ 44 ఒకే రకం కాదు. దగ్గర నుంచి వాల్ మీదుగా వంపు తిప్పేవాడు. మూడోది, జనం పెద్దగా పట్టించుకోనిది, పక్క గీత దగ్గర నుంచి కొట్టేది. 2009 ఫిబ్రవరిలో బార్సిలోనా మీద ఎడమ అంచు నుంచి కొట్టినది చూడండి. గోల్ ముందుకి పాస్ (క్రాస్) వస్తుందని బార్సిలోనా గోలీ వాల్డెస్ చూస్తుంటే బంతి ఆయన మీదుగా దూరపు మూలలో దిగింది. అలాంటి బంతిని దారిలో ఎవడైనా తాకితే గోల్, తాకకపోయినా గోల్. గోలీ ముందుకి రావాలా ఆగాలా తేల్చుకునేలోపే అయిపోతుంది. మన స్థాయి ఆటకి దూరపు కిక్ కంటే ఇదే ఎక్కువ పనికొస్తుంది.

గెర్లాండ్_గ్యాలరీ:
ఒప్పుకుంటా. 2006 వరల్డ్ కప్‌లో జపాన్ మీద ఆయన గోల్ కూడా చూడండి, ఫ్రీకిక్ కాదు, ఆట నడుస్తుండగా దూరం నుంచి కొట్టినది, అయినా గాల్లో అదే తడబాటు. ఆ వరల్డ్ కప్ క్వార్టర్స్‌లో ఫ్రాన్స్ చేతిలో ఓడాక బ్రెజిల్‌కి మళ్లీ ఆడలేదు.

లెఫ్ట్‌బ్యాక్_3:
మిడ్‌ఫీల్డ్ గారూ, పాత వీడియోలు చూసి మొత్తం కాపీ కొట్టకండి. అప్పట్లో సొంత జట్టువాళ్లు ప్రత్యర్థి వాల్‌లో దూరి గోలీకి బంతి కనబడకుండా నిలబడేవాళ్లు. 2019 నుంచి వాల్‌లో ముగ్గురో అంతకంటే ఎక్కువో ఉంటే మనవాళ్లు మీటరు దూరం ఉండాలి, లేకపోతే ఫ్రీకిక్ అవతలి జట్టుకి పోతుంది. ఇప్పుడు వాల్ వెనక ఒకడు పడుకుంటున్నాడు కూడా, కింద నుంచి కొట్టే ఆశ పెట్టుకోవద్దు.