చెల్లి కాన్పు గదిలో ఫొటోలు తీయమంటోంది, లోపల ఎలా మెలగాలో తెలిసినవాళ్ళు చెప్పండి

తెనాలి_పెద్దక్క:

అందరికీ నమస్కారం. చెల్లికి ఇది తొలి కాన్పు. పురుడు పుట్టింట్లోనే కాబట్టి సీమంతం అవగానే తీసుకొచ్చాం, ఇప్పుడు తొమ్మిదో నెల నడుస్తోంది. మరిది మస్కట్‌లో ఉద్యోగం. బాలసారె నాటికి గానీ సెలవు దొరకదు. అందుకని చెల్లి నన్ను పట్టుకుంది: "అక్కా, ఆయన చూడలేనిది నువ్వు ఫొటోలు తీసి చూపించు" అని. వీడియో కాల్ చేద్దామే అంటే ఒప్పుకోలేదు. "నేను నొప్పులు పడుతుంటే ఆయన అక్కడ ఫోన్ పట్టుకుని ఏమీ చేయలేక కూర్చుంటారు, అది తలుచుకుంటే నాకు ఇంకా బెంగ. అంతా అయ్యాక చూస్తే చాలు" అంది. నాకు ఆ మాట నచ్చింది.

గుంటూరులో ఒక నర్సింగ్ హోమ్‌లో చూపిస్తున్నాం. నార్మల్ అయితే లేబర్ రూమ్‌లోకి ఆడవాళ్ళలో ఒకరిని రానిస్తామని డాక్టరమ్మ చెప్పారు. కెమెరా సంగతి ఇంకా అడగలేదు. అమ్మకి బీపీ, లోపలికి నన్నే వెళ్ళమంటోంది. కానీ ఫొటోలంటే మాత్రం ససేమిరా అంటోంది. "పురిటి మంచం మీద ఫొటోలేంటే? పదకొండో రోజు స్నానం అయ్యేదాకా పిల్లని పరాయి కంట పడనివ్వం, నువ్వు ఊరందరికీ చూపిస్తావా" అని రోజూ ఇదే గొడవ.

నాకు ఇద్దరు పిల్లలు. కాన్పు అంటే ఏమిటో నాకు తెలుసు, కానీ మంచం మీద పడుకున్నవైపు నుంచే తెలుసు. నిలబడ్డవాళ్ళు ఎక్కడ నిలబడాలి, ఏది ముట్టుకోకూడదు, ఏ క్షణంలో పక్కకి తప్పుకోవాలి, ఇవేవీ తెలియవు. నా దగ్గర కానన్ 200డి మార్క్ 2 కెమెరా ఉంది, దాంతో వచ్చిన 18-55 లెన్సు, విడిగా కొన్న 50 లెన్సు. బడిలో వార్షికోత్సవాలకి, ఇంట్లో పెళ్ళిళ్ళకి నేనే తీస్తాను. చెల్లి పరువు పోకుండా, డాక్టర్లకి అడ్డం రాకుండా తీయాలి. సిజేరియన్ అయితే ఏం చేయాలి? ఎవరైనా అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

ఓరుగల్లు_సిస్టర్:

అక్కా, నేను ప్రభుత్వ ఆసుపత్రి లేబర్ రూమ్‌లో స్టాఫ్ నర్సును. మా వైపు నుంచి ఎలా కనిపిస్తుందో చెప్తాను.

ముందు అనుమతి. నొప్పులు మొదలై, స్ట్రెచర్ తోసుకుంటూ వచ్చి "సిస్టర్, ఫొటోలు తీసుకోవచ్చా" అని అడిగితే ఎవరమైనా వద్దనే అంటాం. ఆ టైములో వద్దనడం మాకు తేలిక. ఈ వారం చెకప్‌కి వెళ్ళినప్పుడే డాక్టరమ్మని అడగండి. చెల్లినే నోరు తెరిచి అడగమనండి, మీరు కాదు. పేషెంట్ తానుగా అడిగితే ఆ మాట బరువే వేరు. డాక్టర్, సిస్టర్ల ముఖాలు ఫొటోల్లో రాకుండా చూస్తామని ముందే చెప్పండి. మాలో చాలామందికి అదే భయం. రేపు ఏదైనా తేడా వస్తే ఆ ఫొటో ఎక్కడ తేలుతుందోనని. ఒప్పుకుంటే కేసు షీటు మీద ఒక ముక్క రాయించండి. డ్యూటీ మారి కొత్త సిస్టర్ వస్తే మళ్ళీ మొదటి నుంచి చెప్పుకోనక్కర్లేదు.

ప్రసవానికి ఒక తోడు ఉండటం ఇప్పుడు కొత్తేమీ కాదు. 2016లో కేంద్ర ఆరోగ్య శాఖ ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే బర్త్ కంపానియన్‌ని రానివ్వమంది. కాన్పు అనుభవం ఉన్న ఆడమనిషి అయితే మంచిదన్నది అందులోని మాటే. జబ్బు ఉండకూడదు, శుభ్రమైన బట్టలు వేసుకోవాలి, వైద్యంలో కలగజేసుకోకూడదు, గదిలోని వేరే ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళకూడదు అని కూడా ఉంది. మీరు ఆ తోడుగానే లోపలికి వస్తున్నారు, కెమెరా మీతోపాటు వస్తోంది అంతే. చెల్లి చెయ్యి పట్టుకోమంటే కెమెరా మెడలో వేలాడాలి. పక్క టేబుల్ మీద ఇంకో ఆమె ఉంటే, మధ్యలో కర్టెన్ ఉన్నా సరే, లెన్సు అటు తిరగకూడదు.

నిలబడే చోటు తలవైపే. చెల్లి కుడి భుజం దగ్గరో ఎడమ భుజం దగ్గరో ఒకచోట నిలబడి, కదలకుండా అక్కడే ఉండండి. కాళ్ళవైపు మాది. అక్కడ ట్రాలీ మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి కత్తెర, క్లాంపులు పెట్టుకుంటాం. మీ చున్నీ కొస దానికి తగిలినా మొత్తం సెట్టు మార్చాలి. చున్నీ వద్దు, గాజులు వద్దు, కెమెరా స్ట్రాప్ పొట్టిగా బిగించుకోండి. కెమెరాని బయటే స్పిరిట్ వైప్స్‌తో తుడుచుకుని రండి.

తలవైపు నుంచి తీస్తే చెల్లి చూసిందే ఫొటోలో పడుతుంది. తన మోకాళ్ళు, వాటి మీద దుప్పటి, దాని అవతల నుంచి పైకి వచ్చే బిడ్డ. ఆమె దాచుకోవాలనుకునేది ఏదీ ఆ కోణంలో రాదు.

ఇప్పుడు బిడ్డ వచ్చాక. అంతా మామూలుగా ఉంటే తుడిచి నేరుగా తల్లి పొట్ట మీద వేస్తాం. బొడ్డుతాడు వెంటనే కోయం, కనీసం ఒక నిమిషం ఆగుతాం. మీకు దొరికే అసలైన నిమిషం అదే. తాడు ఇంకా తెగలేదు, బిడ్డ ఏడుస్తోంది, తల్లి చెయ్యి దాని వీపు మీద ఉంది. అప్పుడు సర్దుకుంటూ కూర్చోవద్దు, ముందే అన్నీ సిద్ధంగా పెట్టుకోండి. బిడ్డ చేతులు, పాదాలు నీలంగా ఉంటే కంగారు పడకండి. ఒళ్ళు ఎర్రబడ్డాక కూడా అవి కాసేపు అలాగే ఉంటాయి. ఒంటి మీద తెల్లటి జిడ్డు పూత ఉంటుంది. ఫొటోలో బాగుండదని తుడవమని అడగకండి, అది బిడ్డకి మంచిది. స్నానం కూడా మొదటి రోజు వద్దంటున్నారు ఇప్పుడు.

బిడ్డ బయటికి వస్తే పని అయిపోయిందని అందరూ అనుకుంటారు. మాకు అసలు టెన్షన్ అప్పుడే. రక్తస్రావం తగ్గడానికి ఆక్సిటోసిన్ ఇంజక్షన్ ఇవ్వాలి, మాయ పూర్తిగా వచ్చిందో లేదో చూడాలి, రక్తం ఎంత పోతోందో గమనించాలి. ఆ సమయంలో "సిస్టర్, బిడ్డని ఒకసారి ఇటు తిప్పండి" అనవద్దు.

ఇంకొకటి, దయచేసి మనసులో పెట్టుకోండి. కొందరు పిల్లలు వెంటనే ఏడవరు. మొదటి నిమిషంలోనే ఊపిరి అందించాలి, దాన్ని మేం గోల్డెన్ మినిట్ అంటాం. బిడ్డని వార్మర్ (పసిబిడ్డకి వెచ్చదనం ఇచ్చే బల్ల) దగ్గరికి ఎత్తుకుని పరుగెడితే మీరు వెంట రావద్దు, కెమెరా దించేసి చెల్లి మొహం దగ్గర మీ మొహం పెట్టండి. "ఏమైంది అక్కా" అని ఆమె అడిగేది మిమ్మల్నే. బయటికి వెళ్ళమంటే ఎందుకని అడగకుండా వెళ్ళండి. చాలాసార్లు అయిదు నిమిషాల్లో మేమే పిలుస్తాం.

మస్తాబు_ఫొటోలు:

హైదరాబాదులో పసిపిల్లల ఫొటోలు తీస్తాను, కాన్పు ఫొటోలు కూడా తీసిన అనుభవం ఉంది. సిస్టర్ చెప్పాక నేను చెప్పాల్సింది కెమెరా గురించే.

మీ 200డి మీద 50 లెన్సు చాలా దగ్గరగా లాగేస్తుంది. తల దగ్గర నిలబడితే చెల్లి ముక్కు తప్ప ఏమీ రాదు. 18-55కి వెడల్పు ఉంది కానీ వెలుతురు చాలదు. కానన్ 24 ఎఫ్ 2.8 అని చిన్న బిళ్ళ లాంటి లెన్సు ఉంటుంది, ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి, లేదా అద్దెకి తీసుకోండి. దొరక్కపోతే 18-55నే 24 దగ్గర పెట్టుకుని ఐఎస్ఓని (తక్కువ వెలుతురులో తీయడానికి పెంచే సెట్టింగు) 3200కి, అవసరమైతే 6400కి ఎక్కించండి. నలుసులు పడినా పర్వాలేదు, కదిలిపోయిన ఫొటోని మాత్రం ఎవరూ బాగుచేయలేరు.

షట్టర్ తెరుచుకుని ఉండే సమయాన్ని సెకనులో 100వ వంతు దగ్గర ఉంచండి. మన కరెంటు 50 హెర్ట్జ్, దాంతో లైట్లు సెకనుకి వందసార్లు మినుకుమంటాయి, అందుకని షట్టర్ అంతకంటే వేగంగా పెడితే ట్యూబ్‌లైట్ల కింద ఒక ఫొటో పచ్చగా, ఒకటి చీకటిగా వస్తుంది. వార్మర్ కింద బిడ్డ మరీ ఎర్రగా వస్తుంది, అందుకే రా (కెమెరా పట్టినదాన్ని మార్చకుండా దాచే) ఫార్మాట్‌లో తీసి రంగులు తర్వాత సరిచేసుకోండి.

ఫ్లాష్ వద్దే వద్దు. కుట్లు వేస్తున్న డాక్టర్ కళ్ళలో పడుతుంది, బిడ్డ తెరవబోయిన కళ్ళు మూసేస్తుంది. ఫోకస్ చేసేటప్పుడు చాలా కెమెరాల్లో ఒక చిన్న లైటు వెలుగుతుంది, బీప్ వస్తుంది. మెనూలోకి వెళ్ళి రెండూ ఆపేయండి. సైలెంట్ మోడ్ పెట్టినా మీ కెమెరాలో అద్దం చప్పుడు కొంత ఉంటుంది కాబట్టి, నొప్పి వచ్చినప్పుడు తీయకండి. నొప్పికీ నొప్పికీ మధ్య తీయండి. నిజానికి మంచివి అక్కడే ఉంటాయి: చెల్లి కళ్ళు మూసుకుని ఊపిరి పీల్చుకోవడం, మంచం అంచుని పట్టుకున్న వేళ్ళు, సగం తాగి పెట్టిన కొబ్బరినీళ్ళు, గోడ గడియారం. మరిదిగారు చూడలేకపోయింది బిడ్డ పుట్టిన ఒక్క క్షణమే కాదు కదా, ఆ రాత్రంతా.

సిజేరియన్ అయితే చాలా చోట్ల థియేటర్‌లోకి రానివ్వరు. రానిస్తే వాళ్ళిచ్చిన బట్టలు, టోపీ, మాస్కు వేసుకుని, మత్తు డాక్టర్ చూపించిన చోట తలవైపే కూర్చోవాలి, తెర దాటి తొంగిచూడకూడదు. రానివ్వకపోతే బిడ్డని బయటికి తెచ్చి మీ అమ్మగారి చేతుల్లో పెట్టే ఘట్టం మీదే. అమ్మగారి మొహం తీయండి. అప్పుడు ఆవిడ వద్దనరు.

బందరు_కోడలు:

నేను ఫొటోలో ఉన్నవైపు నుంచి చెప్తాను. నా కాన్పుకి మా ఆడపడుచు లోపలికి వచ్చింది. నన్ను అడగలేదు. వీడియో తీసి, నేను వార్డుకి రాకముందే కుటుంబం గ్రూపులో పెట్టింది. మా మామగారు, ఆయన తమ్ముళ్ళు, నేను పేరు కూడా ఎరగని బంధువులు అందరూ చూశారు. నేను అరుస్తున్నాను అందులో. ఇప్పటికీ పెళ్ళిళ్ళలో వాళ్ళు ఎదురైతే నాకు తల ఎత్తబుద్ధి కాదు. తీసేయమంటే "శుభమే కదా వదినా, ఇందులో ఏముంది" అంది. ఉంది. అది నా ఒళ్ళు.

ఒప్పుకోకుండా ఒకరి రహస్య శరీర భాగాల్ని ఫొటో తీయడం, పంపడం ఐటీ చట్టం 66ఈ సెక్షన్ కింద నేరం, మూడేళ్ళ దాకా జైలు. ఇంట్లోవాళ్ళ మీద కేసులు పెట్టమని కాదు, శుభం అనే మాటతో కొట్టిపారేసే విషయం కాదని చెప్పడానికి రాస్తున్నాను.

మీ చెల్లి తానే అడిగింది, అది ఎంతో నయం. అయినా ఇప్పుడే కూర్చోబెట్టి ఒక్కొక్కటీ అడగండి. రొమ్ము కనిపిస్తే ఉంచాలా, రక్తం కనిపిస్తే ఉంచాలా, ఏడుస్తున్నవి ఉంచాలా. నొప్పుల మధ్యలో "చాలు అక్కా, ఆపు" అంటే ఆపేయాలి, ముందు ఒప్పుకున్నావుగా అనకూడదు. అన్నీ ముందు తనకే చూపించండి, వద్దన్నవి తన కళ్ళెదుటే తీసేయండి, ఆ తర్వాతే మరిదికి. ఫోన్‌తో కూడా తీస్తే ముందు ఆటోమేటిక్ బ్యాకప్ ఆపేయండి. ఇంట్లో టీవీకి, పిల్లల ట్యాబ్‌కి అదే అకౌంటు ఉంటే హాల్లో అందరి ముందూ ప్రత్యక్షమవుతాయి.

తెనాలి_పెద్దక్క:

అందరికీ చేతులెత్తి నమస్కారం. బందరు_కోడలు గారూ, మీ మాటలు చదివి చెల్లి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఇద్దరం కూర్చుని జాబితా రాసుకున్నాం. రొమ్ము కనిపించినా సరే పాలు పట్టేది కావాలంది. కుట్లు వేసేటప్పుడు వద్దంది. అరుస్తున్నవి తీయమంది, కానీ మరిదికి కూడా పంపవద్దు, తన దగ్గరే ఉంచుకుంటుందట.

చెకప్‌లో చెల్లే అడిగింది. ముఖాలు రాకూడదు, వీడియో వద్దు, తప్పుకోమంటే తప్పుకోవాలి, ఈ షరతులతో డాక్టరమ్మ సరేనన్నారు. సిజేరియన్ అయితే మాత్రం థియేటర్‌లోకి లేదన్నారు. అమ్మకి ఏం చెప్పానంటే, పదకొండో రోజు దాకా తండ్రికి తప్ప ఎవరికీ పంపను, గ్రూపుల్లో పెట్టను, మొదటి ఫొటో నువ్వే చూడు అని. పూర్తిగా కరగలేదు గానీ గొడవ ఆపింది. నిన్న ఒక్క మాట అడిగింది: "అయితే పుట్టిన టైము ఫొటోలో పడుతుందా? సిద్ధాంతిగారికి నిమిషంతో సహా చెప్పాలి" అని. కెమెరా టైముని లెక్కలోకి తీసుకోవచ్చా సిస్టర్?

ఓరుగల్లు_సిస్టర్:

కెమెరా గడియారాన్ని ఫోన్‌తో సరిపెట్టుకోండి, ఫొటోలు వరసలో ఉండటానికి పనికొస్తుంది. టైముకి మాత్రం కేసు షీటులో రాసిందే లెక్క. బిడ్డ పూర్తిగా బయటికి వచ్చిన నిమిషాన్ని మేం గడియారం చూసి గట్టిగా చెప్తాం, పక్కనున్న సిస్టర్ రాసుకుంటుంది. మీరు కూడా వినండి. మీ ఫొటో తల బయటపడినప్పటిది అయి ఉండొచ్చు, తాడు కోసేటప్పటిది కూడా అయి ఉండొచ్చు, నిమిషాల తేడా వచ్చేస్తుంది. డిశ్చార్జ్ సమ్మరీలో ఆ టైము ఉందో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి, లేకపోతే అక్కడే రాయించుకోండి. జనన నమోదు 21 రోజుల్లోపు అయిపోవాలి, తల్లిదండ్రుల పేర్ల స్పెల్లింగు ఆధార్‌లో ఉన్నట్టే ఇచ్చారా అని అప్పుడే సరిచూసుకుంటే మరిదిగారు బిడ్డ పాస్‌పోర్టుకి పెట్టేటప్పుడు ఇబ్బంది పడరు.