కొరో ఇటలీ చిత్రాలకూ చివరి వెండిరంగు చిత్రాలకూ ఇంత తేడా ఎందుకు?

ప్రశ్న (చిత్రకళా విద్యార్థి):
నమస్కారం. ఇంప్రెషనిస్టులకు (మారే వెలుగును ఆరుబయటే పట్టుకోవాలనుకున్న పందొమ్మిదో శతాబ్దపు చిత్రకారులకు) ముందుతరం ఫ్రెంచి ప్రకృతి దృశ్య చిత్రకారుల గురించి చదువుతూ కమీయ్ కొరో (1796–1875) దగ్గర ఆగిపోయాను. రోమ్‌లోని ఫార్నీస్ తోటల నుంచి 1826లో ఆయన చిత్రించిన కొలోసియం, ఫోరం దృశ్యాల్లో గోడల మీద పడిన ఎండ, దాని పక్కనే మొదలయ్యే నీడ ఎక్కడికక్కడ స్పష్టంగా తెలుస్తాయి. అదే చిత్రకారుడు 1864లో వేసిన ‘మోర్ట్‌ఫోంటేన్ జ్ఞాపకం’లో నీటి మీది పొగమంచు, అందులో కరిగిపోతున్న ఆకులు తప్ప గట్టి అంచు ఒక్కటీ కనబడదు. మొదటివే అసలైన కొరో అనీ, రెండోవి కొనేవారి కోసం వేసినవనీ తేల్చేసే వ్యాసాలు చాలా చూశాను. ఈ తీర్పు న్యాయమైనదేనా?

సమాధానం 1 (చరిత్ర పాఠకుడు):
ఆ తీర్పు మన కాలపు అభిరుచిని ఆయన కాలం మీద రుద్దుతోందని నా అభిప్రాయం. కొరో శిక్షణ పొందిన సంప్రదాయంలో ఆరుబయట కూర్చుని వేసే చిన్న తైలవర్ణ చిత్రాన్ని సాధనగానే చూసేవారు. అది చిత్రకారుడి గదిలో ఉండి, తరువాత స్టూడియోలో కట్టే పెద్ద చిత్రానికి సామగ్రిగా పనికివచ్చేది. ఈ పద్ధతిని ప్రకృతి దృశ్య చిత్రకారుడు వాలెన్సియెన్ 1800లో ప్రచురించిన గ్రంథంలో గట్టిగా సిఫారసు చేశారు. ఆయన శిష్యులైన మిషలోన్, బెర్తాన్‌ల దగ్గరే కొరో నేర్చుకున్నారు. ఆశ్చర్యమేమిటంటే మిషలోన్ కూడా 1796లోనే పుట్టినవారు, అంటే గురుశిష్యులది ఒకే వయసు. చారిత్రక ప్రకృతి దృశ్యానికి 1817లో ఇచ్చిన తొలి రోమ్ బహుమతి (రోమ్‌లో చదువుకోవడానికి ఫ్రాన్సు యువ కళాకారులకు ఇచ్చిన పురస్కారం) అందుకున్న ఆ యువకుడు 1822లోనే కన్నుమూయడంతో కొరో బెర్తాన్ దగ్గరికి వెళ్లారు.

డబ్బు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పారిస్‌లో తల్లిదండ్రులకు పేరున్న టోపీల దుకాణం ఉండేది. బట్టల వ్యాపారంలో కొడుకు ఎంతకీ నిలదొక్కుకోకపోవడంతో, అతనికి ఇరవై ఆరేళ్లు వచ్చేసరికి ఏడాదికి 1,500 ఫ్రాంకుల భత్యం ఏర్పాటు చేసి చిత్రకళకు వదిలేశారు. 1825 చివర ఇటలీ చేరి 1828 వరకు అక్కడ ఉండగలిగింది ఆ ఆదరణ వల్లనే. యాభై దాటేదాకా చెప్పుకోదగ్గ అమ్మకాలు లేకపోయినా చిత్రించడం మానని మనిషి, చివరి దశాబ్దాల్లో కేవలం బేరం కోసం తన చూపునే మార్చుకున్నారంటే నేను నమ్మలేను.

సమాధానం 2 (ఒట్టావా నుంచి పాఠకురాలు):
చిన్న చిత్రం పెద్ద చిత్రానికి సామగ్రి అన్న పై మాటకు ‘నార్ని వంతెన’ మంచి ఉదాహరణ. 1826లో నేరా నది ఒడ్డున కూలిపోయిన రోమన్ వంతెనను చూస్తూ కాగితం మీద వేసిన చిన్న చిత్రం పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. దాని ఆధారంగా 1827 సలోన్ (పారిస్‌లో జరిగే అధికారిక చిత్రప్రదర్శన) కోసం వేసిన పెద్ద చిత్రం ఇక్కడి కెనడా జాతీయ గ్యాలరీలో ఉంది. దాన్ని చాలాసార్లు దగ్గరగా చూశాను. చిన్నదానిలో ముందున్న నేల గబుక్కున నదిలోకి జారిపోతుంది. మట్టి, నీరు, రాయి అన్నీ తొందరపాటు కుంచెతో వచ్చినవి. పెద్దదానిలో ఆ జారుడు నేల ఉన్న చోట చదునైన దారి, చెట్లు, పశువులు, వాటిని కాసేవారు వచ్చి చేరారు, రెండు శతాబ్దాల కిందటి క్లోద్ లొరేన్ చిత్రాల్లో ఉండే క్రమం అంతా అమరింది. ఇప్పటి కళ్లకు చిన్నదే ప్రాణంతో ఉన్నట్టు తోస్తుంది, నాకూ అంతే. కానీ ముప్పై ఏళ్ల కొరో ప్రపంచానికి తన పనిగా చూపించదలచుకున్నది పెద్దదాన్నే. తొలినాళ్లలోనే ఆయనలో ఈ రెండు పనులూ పక్కపక్కన నడిచాయి. అందుచేత తరువాతి చిత్రాలను మొదటివాటి నుంచి దిగజారినవిగా చూడనక్కరలేదు. అవి ఆ రెండో పనికే కొనసాగింపు.

సమాధానం 3 (చిత్రలేఖనం నేర్పే ఉపాధ్యాయుడు):
కుంచె పట్టేవారి వైపు నుంచి ఒక మాట. మొదట ఆకారం, తరువాత వెలుగునీడల తారతమ్యం, ఆ తరువాతే రంగు అన్న వరుసను కొరో జీవితమంతా పాటించారు. ఇటలీ ఎండలో ఆ తారతమ్యం పెద్దది కాబట్టి పలకలు పలకలుగా విడిపోయి కనబడుతుంది. పారిస్ దగ్గరి విల్ దావ్రే ఊరి చెరువుల దగ్గర ఉదయపు తేమలో అదే తారతమ్యం ఎంతో దగ్గరదగ్గర మెట్లకు కుదించుకుపోతుంది, ఆ మెట్లను తప్పకుండా పట్టుకోవడం ఎండను పట్టుకోవడం కన్నా కష్టం. ‘మోర్ట్‌ఫోంటేన్ జ్ఞాపకం’ నకలు వేయబోయిన నా విద్యార్థులు పొగమంచును తెలుపుతో నింపేస్తారు. మూల చిత్రంలో అది తెలుపు కాదు, ఒకదాని పక్క ఒకటి పేర్చిన అనేక బూడిద ఛాయలు. పేరులోనే జ్ఞాపకం ఉన్న ఆ చిత్రాలను ఆయన స్టూడియోలో మనసులోంచి తీసి వేశారు కనుక, ఒక ఫలానా గంటకు పడిన ఎండను వాటిలో వెతకడం సరికాదు.

అయితే విమర్శలో కొంత నిజం ఉందని ఒప్పుకోవాలి. 1855 ప్రపంచ ప్రదర్శనలో ఫ్రెంచి చక్రవర్తి మూడవ నెపోలియన్ స్వయంగా ఒక చిత్రం కొన్న తరువాత గిరాకీ పెరిగింది, అదే చెరువు, అదే వాలిన చెట్టు మళ్లీ మళ్లీ వచ్చాయి, వాటిలో కొన్ని బలహీనమైనవి. తన చిత్రాలకు నకలు వేసిన పేద చిత్రకారుల పనిని సరిదిద్ది తన సంతకం పెట్టి ఇచ్చేంత ఔదార్యం ఆయనది. దానివల్ల తరువాతి కాలంలో నకిలీల బెడద విపరీతమైంది. అంతర్జాలంలో దొరికే ప్రతి బూడిదరంగు చెరువునూ చూసి కొరోను అంచనా వేయకండి, మ్యూజియంలలో ఉన్నవాటికే పరిమితమవండి.

ప్రశ్న అడిగినవారు:
ఎంతో వివరంగా రాశారు, కృతజ్ఞతలు. అయితే ఆ మొదటి స్పష్టత చివరి దశలో ఆయన చేతిలో మిగిలే ఉందా, లేక పూర్తిగా వదులుకున్నారా?

సమాధానం 4 (చరిత్ర పాఠకుడు):
మిగిలే ఉంది. 1871లో, డెబ్బై అయిదేళ్లకు చేరువలో, ఉత్తర ఫ్రాన్సులోని దుయే పట్టణంలో వేసిన ‘దుయే గంటస్తంభం’ చూడండి: ఇళ్ల గోడలు, వీధి, పైన ఆకాశం, అన్నీ తమ తమ చోట్ల నిటారుగా నిలబడ్డాయి. చనిపోవడానికి ముందు సంవత్సరం వేసిన సాన్స్ కథీడ్రల్ లోపలి దృశ్యం కూడా అటువంటిదే. ఎదురుగా కట్టడం ఉంటే కట్టడాన్నీ, మనసులో చెరువు ఉంటే చెరువునూ వేశారు. ఆయన సలహా తీసుకున్న, తరువాత ఇంప్రెషనిస్టులైన పిస్సారో, బెర్త్ మోరిసోలు ఈ పొగమంచు తరహా చిత్రాలు వెలువడుతున్న రోజుల్లోనే ఆయన దగ్గరికి వచ్చారు. ఇటలీ చిన్న చిత్రాలు అప్పటికి చాలావరకు ఆయన స్టూడియోలోనే ఉన్నాయి, జనం విస్తారంగా చూసింది ఆయన మరణం తరువాతే.