పుణెలో ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందులు) వాడుతున్న తమ్ముడు ఊరికి వస్తున్నాడు, ఇక్కడ ఎట్ల?

కల్వకుర్తి అక్క: మా తమ్ముడు పుణెలో సెంట్రింగ్ పని చేస్తాడు. నిరుడు టీబీ వచ్చినప్పుడు చేసిన పరీక్షల్లో హెచ్‌ఐవీ బయటపడింది. టీబీ కోర్సు అయిపోయింది, ఏఆర్‌టీ నడుస్తోంది. దసరాకు వచ్చి ఇక ఇక్కడే ఉంటానంటున్నాడు. మహబూబ్‌నగర్ ఏఆర్‌టీ సెంటర్‌కు మార్చుకోవాలంటే ఏం చేయాలి? పింఛను వస్తుందా? గోళీలు కాక ఇంకేం సాయం దొరుకుతుంది? మోకాళ్ల నొప్పులకని కాల్షియం కూడా వేస్తున్నాడు. అమ్మకు ఇంకా చెప్పలేదు.

మిర్యాలగూడ లారీ: పింఛను మాట ఎత్తకండి, మండిపోతుంది. ఏఆర్‌టీ వాడేవాళ్లకు ఆసరా కింద 2,016 రూపాయలు ఉంది, నిజమే. నేను ఫారం పట్టుకొని పోతే కౌంటర్‌లో కూర్చున్నాయన జబ్బు పేరు గట్టిగా చదివిండు. లైన్‌లో మా ఊరోళ్లు నలుగురున్నారు. ఆఫీసుకు నేరుగా పోవద్దు, సెంటర్ కౌన్సిలర్‌ను పట్టుకో.

నల్గొండ కోర్టు గేటు: ఫిర్యాదు చేయాల్సింది అన్నా. 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉంది. మనిషి ఒప్పుకోకుండా హెచ్‌ఐవీ ఉన్న సంగతి బయటపెట్టడం దాని ప్రకారం తప్పు.

మిర్యాలగూడ లారీ: ఫిర్యాదు చేస్తే ఊరంతా తెల్వదా? మీ చట్టం మీ దగ్గరే పెట్టుకోండి సార్.

సిస్టర్ రిటైర్డ్: 2004లో సర్కారు ఉచితంగా ఏఆర్‌టీ మొదలుపెట్టిన కాలం నుంచి పేషెంట్లను చూసినదాన్ని, వినండి. అక్కడ కాల్షియం అని రాసింది, ఒక్కరూ పట్టించుకోలేదు. ఏఆర్‌టీలో ఎక్కువమందికి ఇచ్చే టీఎల్‌డీ గోళీలో డొల్యూటెగ్రావిర్ అనే మందు ఉంటుంది. కాల్షియం, ఐరన్ దాన్ని కడుపులోనే పట్టేసుకుంటాయి, రక్తంలోకి సరిగా ఎక్కదు. ఏఆర్‌టీ గోళీ వేసిన రెండు గంటల తర్వాతే కాల్షియం. ముందు కాల్షియం వేస్తే ఆరు గంటలు ఆగాలి.

మెడికల్ షాపాయన: అంత భయపెట్టొద్దు మేడమ్. అన్నంతో పాటు వేసుకుంటే రెండూ ఒకేసారి వేసుకోవచ్చు. నేను రోజూ అమ్ముతా.

సిస్టర్ రిటైర్డ్: అమ్మడం వేరు, చూడటం వేరు బాబూ. అన్నంతో అంటే కడుపు నిండా తిని. మన కూలోళ్లు పొద్దున చాయి తాగి గోళీ మింగుతారు. అట్లాంటోళ్లకు గ్యాప్ అని చెప్తేనే గుర్తుంటుంది.

మెడికల్ షాపాయన: అంటే నేను చెప్పింది కరెక్టే కదా! ఒప్పుకోరు.

సిస్టర్ రిటైర్డ్: గ్యాస్ సిరప్ కూడా అన్నంతో ఇస్తావా మరి? దానికి అన్నం పనిచేయదు, గ్యాప్ ఉండాల్సిందే. షుగర్ ఉన్నోళ్లకు మెట్‌ఫార్మిన్ డోసు కూడా చూసుకోవాలి. నీ షాపులో ఇవన్నీ అడుగుతున్నావా?

మునుగోడు బిడ్డ: అందరూ గంటలు లెక్కపెడుతున్నారు, మోకాళ్లెందుకు నొస్తున్నాయో అడగరు. మా దిక్కు సగం ఊరికి ఫ్లోరైడ్‌తో కీళ్లు బిగుసుకుపోయినయి. ఎన్ని కాల్షియం గోళీలు మింగినా బోరు నీళ్లు మానకపోతే లాభం లేదు.

పాలమూరు వలస: ఆయన ఉన్నది పుణెలో, మీ మునుగోడు బోరు అక్కడికెట్ల పోయింది? అదే టీఎల్‌డీ గోళీలో ఉండే టెనోఫోవిర్‌తో ఎముకలు పలచబడొచ్చు, కిడ్నీ మీద కూడా పడొచ్చు. క్రియాటినిన్ (కిడ్నీ రక్తపరీక్ష) చూపించమనండి.

మునుగోడు బిడ్డ: ఫ్లోరైడ్ అంటే నవ్వులాట అయిపోయింది మీకు. మా నాన్న నడుం చూస్తే తెలుస్తుంది.

ఆకు వైద్యం: మా దగ్గర పసరు ఉంది, మండలం రోజుల్లో వైరస్ పోతుంది. ఇన్‌బాక్స్‌కు రండి.

సిస్టర్ రిటైర్డ్: అడ్మిన్, దీన్ని తీసేయండి. పసరు నమ్మి ఏఆర్‌టీ ఆపి, మంచం పట్టాక వచ్చినోళ్లను చూశాను.

వనపర్తి అమ్మ: అక్కా, అమ్మకు తొందరపడి చెప్పొద్దు. మందులు వాడుతున్నామా లేదా అని ఇంటికొచ్చి కనుక్కునే ఫీల్డ్ అమ్మాయి మా ఊరికి వచ్చి, కిరాణా కొట్టులో నా పేరు చెప్పి అడ్రస్ అడిగింది. ఆ రోజు నుంచి కొట్టాయన చిల్లర చేతికివ్వడు, గల్లాపెట్టె మీద పెడతాడు. ఇంటికి రావొద్దు, ఫోన్ చేయండని మొదటి రోజే రాయించండి.

ఫీల్డ్ మనిషి: నేనూ అదే పని చేస్తా. కొట్టులో అడగడం తప్పే. కానీ మేము పోకపోతే మధ్యలో మందులు ఆపేసినోళ్లను వెతికేదెవరు? కేర్ అండ్ సపోర్ట్ సెంటర్ పని గోళీలు గుర్తుచేయడం ఒక్కటే కాదు. కౌన్సెలింగ్ ఇస్తాం, పింఛను కాగితాలు చూస్తాం, పాజిటివ్ వాళ్లను నెలకోసారి కూర్చోబెడతాం. భార్యకు, పిల్లలకు టెస్టు చేయించడం కూడా మా పనే. రోజూ బస్సు కిరాయి పెట్టుకొని తిరుగుతాం, మాకూ ఇల్లుంది.

మిర్యాలగూడ లారీ: ఆడోళ్లకు ఫ్రీ బస్సు, గోళీల కోసం పోయే మగోడికి ఏముంది?

వనపర్తి అమ్మ: అన్నా, ఫ్రీ బస్సు రాకముందు నేను గోళీల కోసం ఎవరి దగ్గర చేయి చాపిన్నో నీకు తెల్వదు.

కల్వకుర్తి అక్క: అందరికీ దండం. మార్చుకోవడం గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు. తమ్ముడికి పెళ్లి కాలేదు, సంబంధాలు చూడాలని అమ్మ ఒకటే పోరు.

పాలమూరు వలస: ముంబై నుంచి నేనూ అట్లనే వచ్చిన. పుణె సెంటర్‌లోనే ట్రాన్స్‌ఫర్ లెటర్ అడగాలి, సెంటర్‌లో ఇచ్చే పచ్చ పుస్తకం (మందుల రికార్డు) వెంట తెచ్చుకోవాలి. చేతిలో కొన్నాళ్లకు సరిపడా గోళీలు ఉండగానే బయల్దేరాలి. వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే పరీక్ష) రిపోర్టు ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోమను. ఇక్కడ కుదురుకున్నాక కల్వకుర్తికి దగ్గరి లింక్ ఏఆర్‌టీ సెంటర్‌లో (పెద్ద సెంటర్ కింద గోళీలిచ్చే చిన్న సెంటర్) గోళీలు ఇప్పించమని అడిగితే, ప్రతిసారీ మహబూబ్‌నగర్ పోయే పని ఉండదు. పెళ్లి విషయం కౌన్సిలర్‌తో మాట్లాడండి. పాజిటివ్ వాళ్ల పెళ్లిళ్లు జరుగుతున్నాయి, కానీ అమ్మాయికి ముందే చెప్పి చేయాలి.

మిర్యాలగూడ లారీ: లెటర్ లేకుండా దారిలో గోళీలు అయిపోతే? నేను నెలలో సగం రోడ్డు మీదే.

పాలమూరు వలస: పచ్చ పుస్తకం చూపించు. దగ్గర్లో ఏ ఏఆర్‌టీ సెంటరున్నా ట్రాన్సిట్ (ప్రయాణంలో ఉన్నోళ్లు) కింద ఇస్తారు.